ఎవరి వంతు ముందు? డిస్కు షెడ్యూలర్ జీవితకథ

నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె రేవులో పడవ దిగిన జాలరి, వలలో పడ్డ చేపను ఫోనులో ఫొటో తీసి వ్యాపారికి పంపుతాడు. అదే సమయంలో ఏదో యాప్ అప్‌డేట్ అవుతుంటుంది, వాతావరణ హెచ్చరిక వచ్చి పడుతుంది, పాట మోగుతుంటుంది. అన్నిటికీ ఉన్నది ఒకటే స్టోరేజి చిప్పు. ఒకరు రాసిపెట్టమంటారు, ఇంకొకరు చదివి ఇమ్మంటారు. ఎవరి మాట ముందు వినాలో తేల్చే పని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోని ఐ/ఓ (ఇన్‌పుట్/ఔట్‌పుట్) షెడ్యూలర్‌ది. అది తేల్చిన వరుసను చిప్పుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి అందించేది డ్రైవర్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లైనక్స్ కెర్నెలే. కాబట్టి ఈ కథ నెల్లూరు తీరంలో ప్రతి జేబులోనూ నడుస్తోంది.

షెడ్యూలర్ అవసరం పుట్టింది యంత్రం కదలికలోంచి. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. వాటన్నిటి మీదా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. చదివే చేయి ఒక పళ్లెం నుంచి మరో పళ్లేనికి పైకీ కిందికీ జరిగి, కావలసిన చోటికి చేరడానికి సగటున 0.6 సెకను పట్టేది. తర్వాతి హార్డ్ డిస్కులు ఎంతో చురుకైనవి. అయినా నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. చేయి జరిగే సమయం దానికి అదనం. 10 మిల్లీసెకన్ల ఎదురుచూపంటే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు 3 కోట్ల టిక్కులు వృథా పోయినట్టే.

అందుకే వచ్చిన వరుసలో కాక, చేయి తక్కువ తిరిగే వరుసలో పనులు చేయాలన్న ఆలోచన వచ్చింది. ఎప్పుడూ దగ్గరున్న అభ్యర్థననే తీసుకుంటే వేగం పెరుగుతుంది, కానీ దూరాన ఉన్నది ఎంతకీ వంతు రాక పడి ఉంటుంది. దీనికి విరుగుడు స్కాన్ పద్ధతి. ఒకప్పుడు బకింగ్‌హామ్ కాలువలో సరుకు పడవ తీరం వెంట రేవు తర్వాత రేవును తాకుతూ చివరిదాకా వెళ్లి, అలాగే తిరిగి వచ్చినట్టు, డిస్కు చేయి ఒక దిశలో పోతూ దారిలో ఉన్న పనులన్నీ ముగించి వెనక్కి మళ్లుతుంది. ఈ పద్ధతులను గణితంతో పోల్చి చూపిన తొలి పరిశోధకుల్లో పీటర్ డెన్నింగ్ ఒకరు. ఆయన పత్రం 1967 నాటిది.

వీడియో వచ్చాక ఇదీ చాలలేదు. తర్వాతి ఫ్రేము గడువులోగా అందకపోతే బొమ్మ ఆగిపోతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనశాలలో పనిచేసిన ఎ.ఎల్. నరసింహారెడ్డి, జేమ్స్ వైలీతో కలిసి 1993లో స్కాన్-ఈడీఎఫ్ పద్ధతిని ప్రతిపాదించారు. ముందు ఎవరి గడువు దగ్గరపడితే వారికే వంతు. ఒకే గడువున్నవి అనేకం ఉంటే, వాటిని చేయి కదిలే వరుసలో పేర్చుకోవాలి. సమయపాలన, వేగం రెండూ ఒకే సూత్రంలో ఒదిగాయి.

2003 డిసెంబరులో వెలువడిన లైనక్స్ 2.6లో ఈ విద్య ఒక కొత్త మలుపు తిరిగింది. అందులోని డెడ్‌లైన్ షెడ్యూలర్ చదివే పనికి అర సెకను, రాసే పనికి 5 సెకన్లు గడువు పెడుతుంది. రాయాల్సింది కాసేపు మెమరీలో ఆగగలదు. చదవమన్న ప్రోగ్రాము మాత్రం జవాబు వచ్చేదాకా ముందుకు కదలలేదు. ఇంకో చిక్కును అంతకుముందే, 2001లో, రైస్ విశ్వవిద్యాలయం నుంచి సీతారామ్ అయ్యర్, పీటర్ డ్రుషెల్ బయటపెట్టారు. ఒక ప్రోగ్రాము ఒక ముక్క చదివి, క్షణం ఆలోచించి, పక్క ముక్క అడుగుతుంది. ఆ క్షణంలోనే షెడ్యూలర్ తొందరపడి చేతిని దూరంగా పంపేస్తే, మళ్లీ వెనక్కి రావాలి. కొన్ని మిల్లీసెకన్లు ఏ పనీ చేయకుండా ఆగితే మొత్తం పని త్వరగా తెములుతుంది! నిక్ పిగిన్ దీన్ని లైనక్స్‌లోకి తెచ్చారు. ఈ యాంటిసిపేటరీ షెడ్యూలరే కొన్నాళ్లు డిఫాల్ట్‌గా ఉంది.

ఆ ఆగడంలోనూ అన్యాయం దాగి ఉందని 2005 ఒట్టావా లైనక్స్ సింపోజియంలో సీతారామి శీలం, ఆయన సహ రచయితలు చూపారు. కొన్ని పనులను ఒక్క ప్రోగ్రాము కాక, ఒకదాని వెంట ఒకటిగా పుట్టి పోయే చిన్న ప్రోగ్రాములు కలిసి చేస్తాయి. యాంటిసిపేటరీ షెడ్యూలర్ అదే ప్రోగ్రాము మళ్లీ అడుగుతుందని చూసేది. తోటి ప్రోగ్రాము వస్తుందని ఊహించేది కాదు. దాంతో వాటి వంతు ఎంతకీ వచ్చేది కాదు. వారు రూపొందించిన కోఆపరేటివ్ పద్ధతి అలాంటి సందర్భాల్లో పనితీరును పది రెట్ల స్థాయిలో మెరుగుపరిచింది. అన్ని పనులకూ ఉత్తమమైన షెడ్యూలర్ ఏదీ లేదన్న మాటను కూడా వారు కొలతలతోనే చెప్పారు.

తర్వాత చిప్పుల మీదే రాసుకునే ఎస్‌ఎస్‌డీ వచ్చింది, కదిలే చేయి మాయమైంది. పాత సాటా పద్ధతిలో డిస్కుకు ఒకే క్యూ (వరుస), అందులో 32 ఆదేశాలు. 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ ప్రమాణం 65 వేలకు పైగా క్యూలకు వీలిచ్చింది. దాంతో ఆలస్యం డిస్కులో కాక కెర్నెల్‌లోనే మిగిలింది. అన్ని ప్రాసెసర్ కోర్లూ ఒకే క్యూ తాళం కోసం కాచుకుని ఉండేవి. మటియాస్ బ్యోర్లింగ్, యెన్స్ ఆక్స్‌బో తదితరులు 2013లో ప్రతి కోర్‌కూ సొంత క్యూ ఇచ్చే బ్లాక్-ఎంక్యూ నిర్మాణాన్ని వివరించారు. అది 2014 జనవరిలో లైనక్స్ 3.13తో వచ్చింది. డ్రైవర్లను ఒక్కొక్కటిగా దానికి మార్చుకుంటూ రాగా, 2019లో 5.0తో పాత ఒంటి క్యూ దారి పూర్తిగా మూతపడింది.

వేగవంతమైన ఎన్‌వీఎంఈ డిస్కులకు లైనక్స్ మామూలుగా ఏ షెడ్యూలర్‌నూ పెట్టదు. అయినా షెడ్యూలర్ కథ ముగిసిపోలేదు. భారీ అప్‌డేట్ రాస్తుండగా చిన్న చదివే పని నలిగిపోకూడదన్న అవసరం చేయి పోయినా పోలేదు. అందుకే 2017లో బీఎఫ్‌క్యూ, కైబర్ అనే కొత్త షెడ్యూలర్లు కెర్నెల్‌లో చేరాయి. మొత్తం వేగం ఎంతైనా, ఒక్కరు వంతు రాక మిగిలిపోతే ఆ వ్యవస్థ బాగున్నట్టు కాదన్నదే ఈ జీవితకథ సారం.

ఇది దూరదేశాల ప్రయోగశాలలకే పరిమితమైన విద్య కాదు. లైనక్స్ కోడ్ అంతా అందరికీ తెరిచే ఉంది. నెల్లూరులోనో కావలిలోనో ఇంజనీరింగ్ చదివే విద్యార్థికి ఒక పాత హార్డ్ డిస్కు, ఒక ఎస్‌ఎస్‌డీ, ఆక్స్‌బో రాసిన ఉచిత కొలత సాధనం ఎఫ్ఐఓ చాలు. షెడ్యూలర్‌ను ఒక్క ఆదేశంతో మార్చి, రెండింటి మీదా కొలవవచ్చు. సగటు వేగంతో సరిపెట్టుకోకుండా, అన్నిటికంటే ఎక్కువసేపు ఆగిన అభ్యర్థన ఎంతసేపు ఆగిందో చూడండి. తర్వాతి మెరుగుదల మొదలవ్వాల్సింది అక్కడే.