వంతెనెక్కిన సాక్సాఫోన్

1959 వేసవిలో సనీ రోలిన్స్ కచేరీలు ఇవ్వడం మానేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది. న్యూయార్క్‌లో టెనర్ సాక్సాఫోన్ అనగానే ముందుగా తలుచుకునే ఒకరిద్దరిలో ఆయనొకరు. 1956లో రికార్డు చేసిన ‘సాక్సాఫోన్ కలోసస్’ ఆయనకు ఆ స్థానం తెచ్చిపెట్టింది. మరుసటి ఏడు ‘వే అవుట్ వెస్ట్’తోనూ, విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో చేసిన రికార్డింగులతోనూ అది స్థిరపడింది. పిలుపులు వస్తూనే ఉండగా ఆయన క్లబ్బులన్నీ వదిలేసి, ఈస్ట్ రివర్ మీది విలియమ్స్‌బర్గ్ వంతెన కాలిబాటను సాధనకు ఎంచుకున్నారు. రెండేళ్లకు పైగా అదే ఆయన గది. జాజ్ అభిమానులు ఈ సంగతిని ఒక వింతగా, మేధావి పిచ్చిగా చెప్పుకుంటూ వచ్చారు. ఆ కథలోని అందం అసలు విషయాన్ని కప్పేసిందని నా అభిప్రాయం. తన వృత్తి ఏం అడుగుతుందో బాగా తెలిసిన పనివాడు, చల్లటి బుర్రతో తీసుకున్న నిర్ణయమది.

జాజ్ వాద్యకారుడి బతుకుతెరువు మనోధర్మం మీద నడుస్తుంది. పాట పల్లవి అందరికీ తెలిసిందే; దాని మీద ఈ రాత్రి కొత్తగా ఏం అల్లుతాడన్న దానికే జనం డబ్బిచ్చి వస్తారు. కానీ క్లబ్బు ఉద్యోగం రాత్రుల తరబడి సాగుతుంది. నిన్న చప్పట్లు తెచ్చిన సంగతి ఇవాళ అడక్కుండానే వేళ్లలోకి వచ్చేస్తుంది. కొన్నాళ్లకు వాద్యకారుడు తనను తానే అనుకరించడం మొదలుపెడతాడు, అదీ తనకు తెలియకుండానే. పేరు పెరిగేకొద్దీ ఈ ప్రమాదమూ పెరుగుతుంది. 1958లో గుంథర్ షుల్లర్ అనే స్వరకర్త, ‘సాక్సాఫోన్ కలోసస్’లోని ‘బ్లూ సెవెన్’లో రోలిన్స్ చిన్న స్వరబీజాన్ని పట్టుకుని మొత్తం మనోధర్మాన్ని ఎలా కట్టారో విడమరిచి ఓ వ్యాసం రాశారు. అంత గొప్ప ప్రశంస, తాను వాయిస్తున్నదాన్ని తానే అతిగా గమనించుకునేలా చేసిందని రోలిన్స్ తర్వాత చెప్పుకున్నారు. తనకొచ్చిన పేరుకు తగ్గ వాద్యం తన చేతిలో లేదన్నది ఆయన బాధ. అలాంటి లోటు కచేరీలు చేస్తూ పూడేది కాదు; అక్కడ తప్పు చేసే స్వేచ్ఛ ఉండదు.

వంతెనే ఎందుకన్నదానికి జవాబు చాలా మామూలుది. ఆయన ఇల్లు మాన్‌హాటన్ దిగువ భాగంలో, గ్రాండ్ స్ట్రీట్‌లో. సాక్సాఫోన్ గొంతు గోడల్ని లెక్కచేయదు. పక్కింట్లో గర్భిణి ఉంది. ఆమెకు ఇబ్బంది కలిగించలేకే ఆయన బయటి చోటు వెతుక్కున్నారు. వంతెన మీద రైళ్లు, కార్లు, కింద పడవల కూతలు. ఎవరికీ అడ్డం లేదు, ఎంతసేపైనా ఊదవచ్చు. రోజుకు పదిహేను గంటల దాకా వాయించిన రోజులున్నాయి. నాలుగు గోడల మధ్య మోగే నాదం మనల్ని తేలిగ్గా మోసం చేస్తుంది. ఆ మూలా ఈ మూలా తగిలి నిండుగా వినిపిస్తుంది. ఆరుబయట ఆ ఊతం లేదు. రైలు రొదను దాటి వినిపించాలంటే ఊపిరితిత్తులే ఆ నాదాన్ని పుట్టించాలి.

ఇంత చేసి సాధించిందేమిటని ఆనాడే అడిగారు. 1961 చివర్లో తిరిగొచ్చి, మరుసటి ఏడాది జిమ్ హాల్ గిటారుతో ‘ది బ్రిడ్జ్’ విడుదల చేసినప్పుడు, విప్లవం ఎదురుచూసినవాళ్లకు అందులో పాత రోలిన్సే కనిపించారు. ఈలోగా సాక్సాఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 1959 నవంబరులో ఫైవ్ స్పాట్ క్లబ్బులో దిగి సంగీతలోకాన్ని రెండుగా చీల్చారు. మరో టెనర్ వాద్యకారుడు కోల్‌ట్రేన్ రికార్డు ‘జైంట్ స్టెప్స్’ బయటికొచ్చింది. రోలిన్స్‌కు బండి తప్పిపోయిందన్నది విమర్శ. అందులో కొంత నిజముంది: ఆ తర్వాత కొత్త దారులు తీసినవాళ్ల జాబితాలో ఆయన పేరు మొదట రాదు. కానీ ఒక్క రికార్డుతో ఆ సాధనకు లెక్క తేల్చడం అన్యాయం. ఆ తరంలో ఎంతమంది మిగిలారో చూడండి. ఆయన సహవాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్ 1956లో ఇరవై అయిదేళ్లకే కారు ప్రమాదంలో పోయారు. కోల్‌ట్రేన్ 1967లో నలభైకే వెళ్లిపోయారు. రోలిన్స్ సైతం హెరాయిన్ అలవాటుతో జైలు చూసి, 1955లో కెంటకీలోని లెక్సింగ్టన్ ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స పొంది బయటపడ్డవారే. అలాంటి మనిషి 2012 దాకా వేదిక మీద నిలిచారు. 1969లో మళ్లీ ఆగారు; ఆ విరామంలోనే ముంబయి పొవాయ్‌లోని ఆశ్రమంలో యోగ, ధ్యానం నేర్చుకుంటూ నెలల తరబడి గడిపారు. ఒకసారి ఆగితే అది ఆవేశమనుకోవచ్చు. పదేళ్ల తర్వాత మళ్లీ ఆగారంటే, ఆగడం ఆయన పనిచేసే పద్ధతిలో భాగమనే అనుకోవాలి. 2001 సెప్టెంబరు దాడి తర్వాత ప్రపంచ వాణిజ్య కేంద్రం దగ్గర్లోని తన ఇంటిని ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు సాక్సాఫోన్ పట్టుకుని దిగొచ్చి, దాడి జరిగిన నాలుగు రోజులకే బోస్టన్‌లో కచేరీ చేశారు. డెబ్బై ఒకటో ఏట ఆ నిబ్బరం ఎక్కడిదో నాకైతే వంతెన దగ్గరే కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. రెండేళ్లు సంపాదన లేకుండా సాధన చేసుకోవడం ఎంతమందికి కుదురుతుంది? రాత్రి వాయిస్తేనే మరునాడు అద్దె కట్టగలిగే వాద్యకారుడికి ఈ ఉదాహరణ చెప్పడం క్రూరం కాదా? నిజమే. రోలిన్స్‌కు పేరుంది, మళ్లీ వస్తే సంతకం చేయించుకునే కంపెనీ ఉంటుందన్న భరోసా ఉంది. ఆర్‌సీఏ విక్టర్ ఆ పనే చేసింది కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా లూసిల్ ఉంది. తర్వాతి కాలంలో ఆయన భార్యగా, 2004లో కన్నుమూసేదాకా కచేరీల ఒప్పందాలూ రికార్డుల వ్యవహారాలూ చూసిన మనిషి ఆమె. ఇవన్నీ లేనివాడు ఆగలేడు. అయితే ఇది రోలిన్స్ నిర్ణయంలోని దోషం కాదు. సంగీతకారుడి సాధన గంటలకు ఎవరూ కూలి కట్టరు, వేదిక మీది గంటన్నరకే కడతారు. మిగతా రోజంతా ఎవరో ఇంట్లోవాళ్లు మోస్తారు. వంతెన మీద నిలబడ్డ ఆ ఒంటరి సాక్సాఫోన్ బొమ్మ ఎంత ప్రసిద్ధమైనా, అందులో లూసిల్ లేకపోతే ఆ బొమ్మ అబద్ధం చెబుతున్నట్టే.