రక్తము చెప్పు సాక్ష్యము

2007 డిసెంబరు 27న విజయవాడ చేరువనున్న ఇబ్రహీంపట్నములో, వసతిగృహమున ఒక విద్యార్థిని హత్యకు గురియైనది. డి.ఎన్.ఏ. నివేదికను ముఖ్యసాక్ష్యముగా గొని 2010లో శిక్షించిన యువకుని, 2017లో హైకోర్టు నిర్దోషియని విడిచినది. రక్తము అబద్ధమాడదందురు, దానిని భద్రపరచిన చేతులనైనను ప్రశ్నింపవలదా?

మరి రక్తమిచ్చువాని సమ్మతి మాటేమి? అరెస్టయినవాడు వలదన్నను వైద్యునిచే రక్తము తీయించుటకు చట్టమున వీలు కలదు. వేలిముద్ర యిచ్చుట తనపై తాను సాక్ష్యము చెప్పుట కాదని 1961లోనే సుప్రీంకోర్టు తీర్పు. మత్తుమందిచ్చి మనసులోని మాట రాబట్టుటకు మాత్రము సమ్మతి తప్పదని 2010లో ఆ న్యాయస్థానమే పలికినది.

సమ్మతి అక్కరలేని చోటనైనను, దేనికై తీయుచున్నారో తెలుపవలెను. తెలిసినవాడే రేపు "నా రక్తమేమైన"దని అడుగగలడు.