మూగబోయిన మనసుకు ఆటే మాట

"చదువు మాని ఈ ఆటలేమిట్రా?" అని పిల్లవాణ్ణి కసరని తండ్రిగానీ, ఉపాధ్యాయుడుగానీ మనలో ఎందరు? ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మేమూ అలా కసిరినవారమే. ఆటంటే 'లహ్వ్', అంటే పనికిరాని కాలక్షేపం అని ఒక్క మాటతో కొట్టిపారేసినవారమే. అనంతపురం ప్రాంతంలోని ఒక చిన్న ఊరిలో పదకొండేళ్ల బాలుడొకడు మా అభిప్రాయాన్ని మార్చాడు. ఆ సంగతి నేడు పాఠకులతో పంచుకోదలిచాం.

అది 2022వ సంవత్సరం. ఆ బాలుడి తండ్రి కౌలు రైతు. పడమటి కనుమలు మేఘాలను అడ్డుకునే ఈ మెట్టనేలలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ చేతికి రాలేదు. వేయించిన బోర్లలో నీళ్లు పడలేదు. అప్పులు పెరిగాయి. చివరకు ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ రోజు నుంచి బాలుడు మాట మానేశాడు. పిలిస్తే తలెత్తడు, అన్నం పెడితే రెండు ముద్దలకే లేస్తాడు.

"నజర్ తగిలింది సాబ్" అంది తల్లి. తావీజు కట్టించింది. ఇరుగుపొరుగు "పిచ్చి పడుతుందేమో" అన్నారు. మరి మేమేం చేశాం? అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం లేదని బెంచీ ఎక్కించాం. పాఠం వినకుండా పత్రికల్లోంచి కత్తిరించిన క్రికెటర్ల బొమ్మలు నోటుబుక్కులో అంటించుకుంటున్నాడని ఆ పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాం.

నెలలు గడిచినా మార్పు లేకపోవడంతో తల్లికి నచ్చజెప్పి మానసిక వైద్యుని వద్దకు తీసుకెళ్లాం. ఆయన మొదట అడిగింది రోగం గురించి కాదు. "వీడికి ఏ ఆట ఇష్టం? ఎవరంటే ఇష్టం?" అన్నారు. తల్లి మా వైపు చూసింది. మేము నేల వైపు చూశాం. బీరువాలోని ఆ నోటుబుక్కు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆట ఎందుకు మందు అవుతుంది?

పెద్దవారికి దుఃఖం వస్తే చెప్పుకుంటారు. పసివారికి అంత భాష ఉండదు. తమ భయాన్ని బొమ్మల చేత పలికిస్తారు, ఆటలో చూపిస్తారు. అమెరికాకు చెందిన వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆట ద్వారా చికిత్స గురించి ఒక గ్రంథం రాశారు. పిల్లవాణ్ణి ప్రశ్నలతో తరమకూడదు, ఆటలో అతడే ముందు నడవాలి, వైద్యుడు వెనుక నడవాలి అన్నది ఆమె పద్ధతి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఏమైందో చెప్పు" అంటే నోరు బిగుసుకుంటుంది. ఇద్దరి చూపూ కేరంబోర్డు మీద ఉన్నప్పుడు అదే నోరు తనంతట తానే విచ్చుకుంటుంది.

కంప్యూటర్ ఆటలను కూడా వైద్యులు ఇందుకు వాడుతున్నారు. న్యూజిలాండ్‌లో 'స్పార్క్స్' అనే ఆటను దిగులుతో బాధపడే కిశోరుల కోసం తయారుచేశారు. ఆ ఆటలో చెడు తలపులను గుర్తుపట్టి ఎదిరించడం నేర్పుతారు. 187 మంది మీద జరిపిన పరీక్షలో అది మామూలు కౌన్సెలింగుకు తీసిపోలేదని 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది.

అభిమానం అనే తాళంచెవి

బాలుడి నోటుబుక్కు నిండా మహమ్మద్ సిరాజ్ బొమ్మలే. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రికి కొడుకు ఆయన. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణించారు. తిరిగి వచ్చే వీలున్నా ఆయన జట్టుతోనే ఉండిపోయారు. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టులో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశారు. స్వదేశం చేరగానే విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్లారు.

వైద్యుడు నోటుబుక్కు తిరగేస్తూ ఇదంతా బాలుడితో మెల్లగా మాట్లాడారు. "నీ తండ్రి" అనే మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. చివరకు "అక్కడికి వెళ్లి సిరాజ్ ఏం చేసి ఉంటాడు?" అని అడిగారు. బాలుడు చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత "దుఆ చేసుంటాడు" అన్నాడు. నెలల తర్వాత ఇంటివాళ్లు కాని మనిషితో వాడు పలికిన మొదటి మాట అది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అభిమానంలోని మేలు ఇదే. తన గాయాన్ని తాకనివ్వని పిల్లవాడు తన వీరుడి గాయం గురించి మాట్లాడగలడు. విరాట్ కోహ్లీ కూడా 2014లో ఇంగ్లండ్‌లో వరుసగా విఫలమైనప్పుడు తాను కుంగుబాటుకు గురయ్యానని తర్వాత బాహాటంగా చెప్పారు. అంతటివాడే చెప్పుకోగా లేనిది తాను చెప్పుకుంటే తప్పేమిటన్న ధైర్యం కుర్రవాడికి వస్తుంది. అయితే వీరాభిమానం పేరుతో కొట్లాటలకు దిగడం, అప్పుచేసి కటౌట్లు కట్టడం మందు కాదు, రోగం.

కేరంబోర్డు దగ్గర

"రోజూ అరగంట వీడితో ఆడండి, ఏమీ అడగకండి" అని వైద్యుడు మాకు పని అప్పగించారు. అసర్ నమాజు తర్వాత పాఠశాల వరండాలో కేరంబోర్డు వేశాం. మొదటి వారమంతా ఓడింది మేమే. పదిహేనో రోజున కాబోలు, స్ట్రైకరు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు: "సాబ్, అబ్బా కోసం నేను దుఆ చేయొచ్చా? అట్లా పోయినోళ్లకు దుఆ చేరదంట కదా?"

ఆ మాట ఎవరన్నారని మేము అడగలేదు. ఎప్పుడో తరగతిలో మా నోటి నుంచే జారిందేమోనని భయం వేసింది. ఇన్ని నెలలు ఆ పసివాడి గొంతుకు అడ్డుపడింది ఈ ప్రశ్నే.

ప్రాణం తీసుకోవడం మహాపాపమే. కానీ పాపం చేసినంత మాత్రాన ముస్లిం ముస్లిం కాకుండాపోడు. అతనికి జనాజా నమాజు చేయాలనే హనఫీ పండితులు తీర్పు చెప్పారు. అతని క్షమాభిక్ష కోసం దుఆ చేయవచ్చు, చేయాలి కూడా. తీర్పు అల్లాహ్‌ది, కారుణ్యమూ ఆయనదే. ఇదే బాలుడికి చెప్పాం. వాడు ఏడ్చాడు. ఆ రోజు ఆట సగంలోనే ఆగిపోయింది.

దైవప్రవక్త (స) ఆదర్శం

మదీనాలో అబూ ఉమైర్ అనే చిన్నారి పెంచుకున్న పిట్ట చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ పసివాడి దిగులు గమనించి, ఆ పిట్ట సంగతే అడుగుతూ ముద్దుగా పలకరించారు. పెద్దల దృష్టిలో అల్పమైన పిట్ట ఆయన దృష్టిలో ఆ బిడ్డ మనసుకు ద్వారం. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకుంటుంటే, సిగ్గుపడి దాక్కున్న స్నేహితురాళ్లను ఆయనే తిరిగి ఆటకు పంపేవారని హదీసులు చెబుతున్నాయి. కనుక అచ్చనగాయలైనా, పచ్చీసైనా ఆడపిల్లల ఆటకు కూడా మన ఇళ్లలో చోటుండాలి.

వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహారోగ్యం, మనో ఆరోగ్యం రెండింటినీ కలిపి ఒకే గ్రంథం రాశారు. ఇంట్లో మందులు ముందే సమకూర్చుకున్నట్టు మనసులో మంచి తలపులను దాచి ఉంచుకోవాలన్నారు. మనసుకు వైద్యం చేయించుకోవడం మనకు పరాయి పద్ధతి కాదు.

హద్దు తెలుసుకుందాం

ఇదంతా చదివి పిల్లల చేతికి సెల్‌ఫోను ఇచ్చేయమని అర్థం కాదు. అదుపు తప్పిన ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో చేర్చింది. 2022 నుంచి ఆ జాబితా అమలులో ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2014లోనే ఇలాంటివారి కోసం ప్రత్యేక చికిత్సా విభాగం తెరిచింది. పందెం లేని ఆట, నమాజును, నిద్రను, చదువును మింగని ఆట, పక్కన మనిషి ఉన్న ఆట మేలు.

అటువంటి ఆటకు మన అనంతపురంలో ఆదరణ లేకపోలేదు. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీతో కలిసి టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఇక్కడ టెన్నిస్ కేంద్రం తెరిచింది. పేద పిల్లలకు ఆటతోపాటు ఇంగ్లిషు, కంప్యూటరు నేర్పింది. అది చికిత్సాలయం కాదు. అయినా కరువు ఇంటి బిడ్డకు ఒక మైదానం, తన పేరు పెట్టి పిలిచే ఒక శిక్షకుడు దొరకడం చిన్న మేలు కాదు.

ఒక్క మాట మరవకండి. ఆట వైద్యుణ్ణి తప్పించేది కాదు, వైద్యుడి వద్దకు చేర్చే దారి. పిల్లవాడు వారాల తరబడి మాట్లాడకపోయినా, తిండి నిద్ర మానినా, చావు మాట ఎత్తినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన 'టెలీ మానస్' సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఫోను అప్పుల బాధలో ఉన్న తండ్రులకు కూడా.

ఆ బాలుడు ఇప్పటికీ మితభాషే. కానీ శుక్రవారం నమాజు తర్వాత తండ్రి ఖబ్ర్ వద్దకు వెళ్లి చేతులెత్తి దుఆ చేస్తాడు. నోటుబుక్కు తిరిగి ఇచ్చేశాం. కేరంబోర్డు మాత్రం వరండాలోనే ఉంది. ఈ సాయంత్రం మీ ఇంట్లో ముభావంగా కూర్చున్న బిడ్డ పక్కన ఒక అరగంట కూర్చోండి. ఏమీ అడగకండి, ఆడండి. ఓడిపోయినా ఫరవాలేదు.