పాఠం చెప్పే అనుమతి

మత విద్యాలయంలో అధ్యాపకుని నోరు కట్టెయ్యడానికి ఆయన్ను మతం నుంచి వెలివెయ్యనక్కరలేదు. పాఠం చెప్పే అనుమతిని లాగేసుకుంటే చాలు. చార్లెస్ కరన్ వ్యవహారం చూస్తే ఇది స్పష్టమవుతుంది.

కరన్ అమెరికన్ కేథలిక్ మతగురువు. వాషింగ్టన్‌లోని కేథలిక్ యూనివర్సిటీలో నైతిక దైవశాస్త్రం బోధించేవాడు. 1967 ఏప్రిల్‌లో ట్రస్టీలు, కారణమైనా చెప్పకుండా, ఆయన కాంట్రాక్టు పొడిగించరాదని తీర్మానించారు. విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి సమ్మెకు దిగారు. కొద్ది రోజులకే ట్రస్టీలు దిగివచ్చి, తీర్మానం రద్దుచేసి, ప్రమోషన్ కూడా ఇచ్చారు! సమష్టి శక్తి ముందు బిషప్పులు కూడా తలవంచక తప్పలేదు.

మరుసటి ఏడు జూలైలో పోప్ ఆరవ పాల్ 'హ్యుమానే వీటే' అనే లేఖ విడుదల చేశాడు. కృత్రిమ గర్భనిరోధం ఏ రూపంలోనైనా తప్పేనన్నాడు. ఈ సమస్యను పరిశీలించడానికి నియమితమైన సంఘంలో అధిక సంఖ్యాకులు మార్పు కోరినా పట్టించుకోలేదు. మర్నాడే కరన్, సహచరులు ప్రకటన చేశారు: దంపతులు కొన్ని పరిస్థితుల్లో అంతరాత్మ ప్రకారం గర్భనిరోధం పాటించవచ్చునని. దానికి చివరకు 600 పైచిలుకు సంతకాలు వచ్చాయి.

కరన్ వాదం తిరుగుబాటేమీ కాదు. చర్చి తప్పుపట్టరానివని ప్రకటించిన బోధనలు వేరు, తక్కినవి వేరు. ఈ రెండో రకంపై సకారణంగా విభేదించవచ్చునన్నాడు. ఆ రెండో రకానికి కూడా బుద్ధీ, సంకల్పమూ లోబడవలసిందేనన్నది రోమ్ జవాబు. 1979లో మొదలైన విచారణ ఏడేళ్లు నడిచింది. లైంగిక నీతి పాఠం తాను చెప్పనని కరన్ రాజీకి వచ్చినా ఫలితం లేకపోయింది. 1986లో కార్డినల్ రాట్జింగర్, కేథలిక్ దైవశాస్త్రం బోధించడానికి ఆయన అనర్హుడని తేల్చాడు. అంటే, ఏం చెప్పాడన్నది కాక, ఎవరి పేర చెప్పాడన్నదే నేరమైంది. (గర్భం మోసే స్త్రీ ఈ ఉత్తరప్రత్యుత్తరాల్లో ఎక్కడా లేదు. రాసిందీ, బదులిచ్చిందీ బ్రహ్మచర్య వ్రతస్థులే.)

కరన్ కోర్టుకెక్కాడు. విద్యా స్వాతంత్ర్యానికీ, రోమ్ పట్ల విధేయతకూ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు ఏ పక్షం వహించాలో విశ్వవిద్యాలయం ఇష్టమేననీ, స్వాతంత్ర్యం వైపే నిలబడతామని కాంట్రాక్టులో ఎక్కడా లేదనీ 1989లో తీర్పు వచ్చింది. మరుసటి ఏడు అమెరికా ప్రొఫెసర్ల సంఘం విశ్వవిద్యాలయాన్ని అభిశంసించింది. అయినా ఉద్యోగం తిరిగి రాలేదు.

జర్మనీలో హాన్స్ కూంగ్ కథ పోల్చదగింది. పోప్ తప్పు చేయడన్న సిద్ధాంతాన్నే ప్రశ్నించిన ఆయనకు 1979 డిసెంబరులో అనుమతి రద్దయింది. కాని టూబింగెన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కేథలిక్ శాఖలో స్థానం పోయినా, ఆయన నడిపే పరిశోధనా సంస్థను ఆ శాఖ నుంచి విడదీసి ప్రొఫెసరుగానే ఉంచారు. జీతమిచ్చే చెయ్యి వేరు కాబట్టి గొంతు మిగిలింది.

కరన్‌కు ఆ ఆసరా లేదు. 1991లో డల్లాస్‌లోని సదరన్ మెథడిస్టు యూనివర్సిటీ ఆయనకు చోటిచ్చింది. మతగురువుగానే ఉన్నాడు, కేథలిక్ దైవశాస్త్రమే రాశాడు, ప్రొటెస్టెంట్ల నీడన.