ఫ్లారెన్స్‌ను పైనుంచి చూడాలంటే

ఇటలీలోని ఫ్లారెన్స్‌కు వెళ్లే మన పెద్దలకు మొదటి బెంగ మెట్లే. దువోమో చర్చి గుమ్మటానికి 463 మెట్లు, పక్కనున్న జొట్టో గంట గోపురానికి 414. రెండింటికీ లిఫ్టు లేదు, టికెట్టు కొనాలి. మోకాళ్లు సహకరించేవారికి మేము గంట గోపురమే చెబుతాం: గుమ్మటం ఎక్కితే ఆ గుమ్మటమే కనిపించదు కదా!

మిగతావారు ఆర్నో నది అవతల పియాజ్జాలే మికెలాంజెలో అనే చౌకుకు వెళ్లండి. బస్సు పైదాకా పోతుంది, రుసుము లేదు. నది, పాత వంతెన, గుమ్మటం ఒకే చూపులో అందుతాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందే చేరితే చోటు దొరుకుతుంది. ఓపికుంటే ఇంకాస్త పైనున్న సాన్ మినియాతో చర్చి ముందు నిలబడండి. పిల్లలు ఎక్కుతుంటే కింద సంచులకు కాపలా కూర్చోనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ కలిసి చూడొచ్చు.