రిపోర్టు బాగున్నా మళ్ళీ మజ్జ పరీక్ష ఎందుకు?

"రక్తపరీక్ష బాగానే ఉంది కదా, మళ్ళీ ఎముక మజ్జ పరీక్ష ఎందుకు?" అని మీరు అడుగుతుంటారు.

మన రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు రోగక్రిములను గుర్తుపట్టి పోరాడతాయి. క్రిమిని గుర్తుపట్టే గ్రాహకం కోసం ఒక్కో కణం తన జన్యువు ముక్కలను ఒక్కో విధంగా కూర్చుకుంటుంది. అందుకే ఆరోగ్యవంతుల్లో కోట్లాది రకాల కూర్పులుంటాయి. లింఫోసైట్ల క్యాన్సర్‌లో చెడిన ఒక్క కణమే పెరిగి లెక్కలేనన్ని అవుతుంది కనుక, క్యాన్సర్ కణాలన్నిటిలో సాధారణంగా ఒకే కూర్పు కనిపిస్తుంది. ఆ గుర్తుతో వెదికితే, చికిత్స తర్వాత 10,000 కణాల్లో ఒక్కటి మిగిలినా పట్టుకోవచ్చు. మైక్రోస్కోపులో అది తెలియదు.

పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు చికిత్స 2 నుండి 3 ఏళ్లు సాగుతుంది. బిడ్డ ఆడుకుంటున్నాడని మధ్యలో మందులు మానితే వ్యాధి తిరగబెట్టవచ్చు. డాక్టరు చెప్పినంతకాలం వాడించండి. దేవుడు మీకు ఓర్పును, బలాన్ని అనుగ్రహించును గాక.