పడవ కడిగేందుకు ఏ సబ్బు మేలు? ధరకన్నా ముందు చూడవలసినది నీరు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లు, ఇంజిన్ పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సంతతిని కాపాడేందుకు విధించే ఈ నిషేధం మత్స్యకార కుటుంబాలకు ఆదాయం లేని కాలం, పడవలకు మాత్రం మరమ్మతుల కాలం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వంటి రేవుల్లో పడవలను ఒడ్డుకు చేర్చి పగుళ్లు పూడుస్తారు, రంగులు వేస్తారు. అయితే వాటన్నిటికంటే ముందు జరగవలసిన పని కడగడం. ఉప్పు, నూనె, చేపల జిగురు మిగిలి ఉన్న చోట కొత్త రంగు నిలవదు. చేతిలో డబ్బు ఆడని రెండు నెలల్లో ఈ పనికి దేనిని కొనాలి, ఎంత కొనాలి అన్నది చిన్న ప్రశ్న కాదు.

కిరాణా కొట్టులో డిటర్జెంట్ పొడి, బట్టల సబ్బు, గిన్నెలు తోమే ద్రవం, చాకలి సోడా, మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లం అన్నీ పక్కపక్కనే ఉంటాయి. వాడుక తెలుగులో వీటిలో చాలావాటికి ‘సబ్బు’ అన్న మాటే సరిపోతుంది. నిజానికి ఈనాడు ‘బట్టల సబ్బు’ పేరుతో అమ్మే బిళ్లల్లో అధిక భాగం రసాయనపరంగా సబ్బులే కావు, డిటర్జెంట్లు. పేరు ఒకటే కావడం వల్ల ఇంట్లో నష్టమేమీ లేదు. సముద్రపు ఒడ్డున మాత్రం ఆ తేడా నేరుగా ఖర్చులో కనిపిస్తుంది.

సముద్రపు నీటిలో సబ్బు ఎందుకు నురగదు?

నూనెను లేదా కొవ్వును కాస్టిక్ సోడాతో కలిపితే తయారయ్యేది అసలైన సబ్బు. అది కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ సోడియం స్థానాన్ని ఆక్రమిస్తే నీటిలో కరగని తెల్లటి తెట్టు ఏర్పడుతుంది. బోరు నీటితో స్నానం చేసేటప్పుడు బకెట్ అంచుకు పట్టే పదార్థం అదే. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. కాగితం మీద లెక్కవేస్తే, పది లీటర్ల బకెట్‌లోని ఈ రెండు ధాతువులకే మూడు, నాలుగు వందల గ్రాముల సబ్బు ఖర్చయిపోగలదు. మురికిని వదిలించే పని ఆ తరువాతే మొదలవుతుంది. పైగా ఏర్పడిన తెట్టు పడవకే అంటుకుని, మరునాడు దుమ్మును పట్టి ఉంచుతుంది.

కొబ్బరినూనె సబ్బు దీనికి కొంత మినహాయింపు. అందులోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి కావడంతో ఉప్పునీటిలోనూ అది కొంత నురుగునిస్తుంది. పూర్వం ఓడల్లో నావికులు సముద్రపు నీటితో స్నానం చేసేందుకు అటువంటి సబ్బునే వాడేవారు. ఒంటికి సరిపోయే ఆ పద్ధతిని ముప్పై అడుగుల పడవకు వర్తింపజేస్తే గిట్టుబాటు కాదు.

డిటర్జెంట్లు కాల్షియం, మెగ్నీషియంలకు అంత సులువుగా లొంగవు. అందుకే ఉప్పునీటిలోనూ పనిచేస్తాయి, సామర్థ్యం మాత్రం తగ్గుతుంది. కాబట్టి ఖర్చు తగ్గించే మొదటి ఉపాయం సబ్బు కొట్టులో లేదు, మంచినీటి కుళాయి దగ్గర ఉంది. ముందుగా పడవనంతటినీ మంచినీటితో తడిపి ఉప్పు, ఇసుక వదిలించి, ఆ తరువాత బకెట్ మంచినీటిలో కొద్దిగా డిటర్జెంట్ కలిపి తోమితే, ఎక్కువ సరుకుతో సముద్రపు నీటిలో తోమిన దానికంటే మెరుగైన ఫలితం వస్తుంది. ఇసుక రేణువులు ఉండగా తోమడమంటే గరుకు కాగితంతో రుద్దడమే.

పొడి, ద్రవం, ఆమ్లం

తీరంలో ఇప్పుడు అధికంగా కనిపించేవి ఫైబర్ పడవలు. గాజు నారను రెజిన్‌తో అతికించి చేసే వీటికి పైన నునుపైన పలుచని పూత ఉంటుంది. దాన్ని జెల్‌కోట్ అంటారు. దాని మందం సాధారణంగా మిల్లీమీటరులో సగం. నీరు లోపలి పొరల్లోకి దిగకుండా అడ్డుపడేది ఆ పూతే. డిటర్జెంట్ పొడుల్లో మురికి వదిలించే పదార్థంతోపాటు చాకలి సోడా గణనీయంగా ఉంటుంది. కాబట్టి వాటి ద్రావణం క్షార గుణం కలది, పీహెచ్ విలువ సాధారణంగా 9 నుంచి 11 వరకు ఉంటుంది. అప్పుడప్పుడు ఒకసారి వాడితే ప్రమాదం లేదు. ప్రతి వేట తరువాతా గాఢంగా వాడితే పూత మెరుపు తగ్గి సున్నంలా పొడిబారుతుంది. అల్యూమినియం భాగాలను ఆ క్షారం నేరుగా తింటుంది. కరగని పొడి గింజలు గీతలు పెడతాయి.

నిత్యం వాడేందుకు గిన్నెలు తోమే ద్రవం మేలైనది. అది చాలావరకు తటస్థంగా ఉంటుంది, జిడ్డును తీసివేసేందుకే తయారైనది. గిన్నెల బిళ్ల మాత్రం వద్దు. అందులో గరుకు పొడి కలుపుతారు. ద్రవం ఖరీదెక్కువని అనిపించవచ్చు. ఉదాహరణకు లీటరు 150 రూపాయల ద్రవాన్ని బకెట్‌కు 30 మిల్లీలీటర్ల చొప్పున వాడితే పడేది నాలుగున్నర రూపాయలు. కిలో 80 రూపాయల పొడిని బకెట్‌కు 100 గ్రాములు వేస్తే ఎనిమిది రూపాయలు. పొడిని గుప్పిళ్లతో కొలవడం అలవాటు కనుక అసలు ఖర్చు కంటికి కనిపించదు. పడవకు మైనం పూసి ఉంటే ఈ ద్రవం కూడా దాన్ని కొంత తొలగిస్తుంది. పడవ కోసమే ప్రత్యేకమని అమ్మే ఖరీదైన సబ్బులకు ఉన్న ముఖ్యమైన ఆధిక్యం అక్కడే. మైనం పూయని వేట పడవకు దానితో పని తక్కువ.

చెక్క పడవల విషయం వేరు. గాఢమైన క్షారం చెక్క నారను లేపి గరుకు చేస్తుంది. జీడిపెంకుల నూనె వంటివి పట్టించిన చోట ఆ రక్షణను కరిగించివేస్తుంది. అక్కడ మంచినీరు, మెత్తని బ్రష్ చాలు.

మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లంతో పడవ అడుగున పట్టిన గవ్వలు బుసబుసమని కరగడం చూసి చాలామంది దానివైపు మొగ్గుతారు. గవ్వ కాల్షియం కార్బొనేట్ కనుక కరుగుతుంది. అదే ఆమ్లం ఇనుప మేకులను, జింకు పూసిన బోల్టులను కూడా కరిగిస్తుంది. అంతకు మించిన అపాయం మరొకటి ఉంది. చేపల గది వాసన పోయేందుకు వాడే బ్లీచింగ్ పొడి మీద ఈ ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడని గదిలో వంగి పనిచేసే మనిషికి అది ప్రాణాంతకం. ఈ రెండూ ఒకే రోజు ఒకే పడవ మీద వాడకపోవడమే క్షేమం.

చేపల నెత్తురు, జిగురు వదలడానికి వేడినీళ్లు పోయడం సాధారణంగా జరిగే పొరపాటు. మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి మరింత గట్టిగా అంటుకుంటాయి. ఎండకముందే చల్లటి నీటితో కడిగి, తరువాత డిటర్జెంట్ వాడాలి. బ్లీచింగ్ నీటి వంతు ఆ పైన వస్తుంది. మురికి ఉండగా పోసిన క్లోరిన్ క్రిములను చంపడానికి బదులు మురికి మీదే ఖర్చయిపోతుంది. చివరికి మంచినీటితో బాగా కడగాలి.

ఆ నీరు ఎక్కడికి పోతుంది?

కడిగిన నీరు చేరేది చేపలున్న నీటికే. డిటర్జెంట్లు చేపల మొప్పల మీది సున్నితమైన పొరను దెబ్బతీస్తాయి. ‘జీవ విచ్ఛిత్తి చెందేది’ అని చీటీ మీద రాసి ఉంటే కాలక్రమంలో సూక్ష్మజీవులు దాన్ని విడగొడతాయని మాత్రమే అర్థం. ఆ లోపు హాని ఉండదని కాదు. పర్యావరణానికి మేలైన సరుకులకు కేంద్రం 1991లో ప్రవేశపెట్టిన మట్టికుండ గుర్తు ఒక ఆధారమే గానీ, ఆ గుర్తున్న సబ్బులు బజారులో అరుదు.

ఇక్కడ కుంకుడుకాయ గుర్తుకు రావచ్చు. చవక, సహజం, పూతకు హాని తక్కువ. కానీ దానికి నురుగునిచ్చే సపోనిన్ చేపలకు విషం. రొయ్యల చెరువుల్లో అక్కరలేని చేపలను చంపేందుకు ఇప్పపిండి, తేయాకు గింజల పిండి వాడేది వాటిలోని సపోనిన్ కోసమే. సహజమైనంత మాత్రాన నీటిలో పారబోయదగినది కాదు. గోదావరి, కృష్ణా జలాశయాల్లో తిరిగే పడవలకు మంచినీటి సౌలభ్యం ఉన్నా, అక్కడి నీరు సముద్రమంత విస్తారం కాదు కనుక ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇంజిన్ కింద చేరే డీజిల్ నీటిలో సబ్బు పోసి తోడివేయడం కూడా తరచూ జరుగుతుంది. తెట్టు కనిపించదు కనుక శుభ్రమైనట్టే ఉంటుంది. నిజానికి నూనె చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీటిలో కలిసిపోతుంది, ఇక దాన్ని వేరుచేయడం దాదాపు అసాధ్యం. సబ్బు వేయకముందే పాత గుడ్డలతో నూనెను పీల్చి డబ్బాలో పట్టి ఒడ్డుకు చేర్చాలి.

కొత్త సరుకు ఏది కొన్నా ముందుగా పడవపై కంటపడని మూల చేతివెడల్పు మేర పూసి, పది నిమిషాలు ఉంచి కడిగి, ఆరాక చూడాలి. అక్కడ రంగు వెలిసినా, వేలికి తెల్లటి పొడి అంటినా ఆ సీసాను పక్కన పెట్టవలసిందే.